మూల గది కొంటావాలీ

సుమిత్ర ఫోన్‌లో హిందీ మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు దేవే పెద్దగా పట్టించుకోలేదు. జగదల్‌పూర్‌లో చదువుకుంటున్న పిల్ల, చుట్టూ హిందీవాళ్లు, హల్బీవాళ్లు, నాలుక అటు తిరిగి ఉంటుందిలే అనుకుంది. కానీ రానురాను ఆ పిల్ల తెలుగులో ఒక్క ముక్క పలకడం మానేసింది. "ఏం తిన్నవు బిడ్డా" అని అడిగితే, "ఖా లియా బువా" అని గొంతు తగ్గించి జవాబు చెప్పేది. మాటలు వచ్చినప్పటి నుంచి అత్తా అని పిలిచిన నోరు ఉన్నట్టుండి బువా అంటుంటే దేవేకి అది ఎవరో పరాయి పిల్ల మాటలా వినబడేది.

దేవేది కొంటాకు కొంచెం ఎగువన, శబరి ఏటికి దగ్గరలో ఉన్న, తెలుగు కలిసిన మాట మాట్లాడే దొర్ల గిరిజనుల పల్లె. వయసు నలభై దాటింది. పెళ్లి చేసుకోలేదు. ఊళ్లో మితానిన్ పని చేస్తుంది. అంటే ఇంటింటికీ తిరిగి జ్వరాలు కనిపెట్టడం, మాత్రలివ్వడం, నొప్పులొచ్చిన ఆడవాళ్లను ఆసుపత్రికి చేర్చడం. తమ్ముడు సుక్కా, మరదలు కోసి, వాళ్ల కూతురు సుమిత్ర, అందరిదీ ఒకటే ఇల్లు. సుమిత్రను చంకనేసుకుని తిరిగింది దేవే, బడికి లాక్కెళ్లింది దేవే. జగదల్‌పూర్ విశ్వవిద్యాలయంలో సీటొచ్చినప్పుడు, అంత దూరం ఎందుకని కోసి సణిగితే, పిల్ల సంచి సర్దింది కూడా దేవేయే.

దానికొక కారణముంది. ఆ పల్లెలో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి దేవే. అప్పటికి ఆ విశ్వవిద్యాలయం లేదు, కాలేజీ ఒక్కటే ఉండేది. ఆ కాలేజీ ఆడపిల్లల హాస్టలే తర్వాత విశ్వవిద్యాలయం కిందికి వెళ్లింది. ఊరి శివారున మేడ, పైన పెంకుల కప్పు, వరండా పొడుగునా చెక్క కటకటాలు. మేడ మీద మూల గది దేవేది. కోండాగావ్ నుంచి వచ్చిన రీనా ఆమెకు తోడు. రీనాకు బొమ్మలెయ్యడం సరదా. దేవే నీలం రేకుపెట్టె మూత మీద తెల్లరంగుతో పూలు వేసిపెట్టింది.

రెండో ఏడు దసరాకు రీనా ఇంటికి వెళ్లింది. మిగిలిన అమ్మాయిలు పండగకు ఊరేగే రథం చూడటానికి ఊళ్లోకి పోయారు. తలనొప్పిగా ఉందని దేవే ఒక్కతే గదిలో ఉండిపోయింది. ఆ మధ్యాహ్నం వరసకు చిన్నాయన అయ్యే ఒకాయన గేటు దగ్గరికి వచ్చాడు. కొంటా వైపు ఊళ్లకు ఊళ్లు ఖాళీ అవుతున్న రోజులవి. అడవిలో ఉన్నవాళ్లకూ, వాళ్ల మీదికి లేచినవాళ్లకూ మధ్య నలిగిపోయి, జనం రోడ్డు పక్క శిబిరాలకైనా పోతున్నారు, లేదా శబరి దాటి ఆంధ్రా వైపుకైనా పోతున్నారు. మీవాళ్లు ఏరు దాటారు, మీ అమ్మ పరిస్థితి బాగాలేదు, ఉన్నపళంగా బయల్దేరు అన్నాడాయన. దేవే రెండు జతల బట్టలు సంచిలో కుక్కుకుని, పెట్టె మంచం కిందే వదిలేసి, గదికి తాళం పెట్టి వెళ్లిపోయింది. చెప్పిపోదామంటే గేటు దగ్గర మనిషి లేడు. ఎలాగూ వారంలో తిరిగి వస్తాను కదా అనుకుంది.

రాలేదు. అమ్మ ఆ చలికాలం దాటలేదు. నాయిన బిజ్జా, దేవే, సుక్కా భద్రాచలం అవతల మిరప తోటల్లో కాయలు కోసుకుంటూ బతికారు. మళ్లీ సొంత ఊరికి చేరేసరికి ఏళ్లు గడిచిపోయాయి. ఇళ్లు కూలి ఉన్నాయి, చేలల్లో పొదలు మొలిచి ఉన్నాయి. వాటిని కొట్టుకుని, గోడలు లేపుకుని, నాయినను సాగనంపి, తమ్ముడికి పెళ్లి చేసి తలెత్తి చూసుకునేసరికి దేవేకి చదువు ఈడు దాటిపోయింది. ఆ హాస్టల్ మాట ఆమె ఇంట్లో ఎత్తేది కాదు. అత్త ఒకప్పుడు కొన్నాళ్లు కాలేజీకి పోయిందన్నంత వరకే సుమిత్రకు తెలుసు.

దీపావళి సెలవులకు వచ్చిన సుమిత్రను చూసి కోసి బెంబేలెత్తింది. పిల్ల సగమైంది. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే ఉలిక్కిపడుతోంది. దేవే వేలి నుంచి నెత్తురు చుక్క తీసి మలేరియా పరీక్ష చేసింది, ఏమీ లేదు. కోసి ఊరి పూజారి వడ్డెను పిలిపించి మంత్రం వేయించి చేతికి దారం కట్టించింది. సెలవులు అయిపోతున్నా సుమిత్ర సంచి సర్దే ఊసెత్తలేదు.

కళ్లంలో వరి కొడుతున్న రోజున దేవే ఆమెను పక్కకు పిలిచి కూర్చోబెట్టింది. ఏమైందో చెప్పమని బతిమాలింది.

"నేను ఆడికి పోను అత్తా. కొట్టినా పోను" అంది సుమిత్ర.

తర్వాత మెల్లగా బయటపెట్టింది. హాస్టల్‌లో మేడ మీద మూల గదికి ఎప్పుడూ తాళమే. ఎన్నో ఏళ్ల కింద అందులో ఒక పిల్ల ఉండేదట. ఒక అబ్బాయిని మనసిచ్చి ప్రేమించిందట, కులం వేరని వాడు కాదన్నాడట. దసరా నాడు అందరూ రథం దగ్గరికి పోయిన వేళ చూసి దూలానికి ఉరేసుకుందట. ఆమె పెట్టె ఇంకా మంచం కిందే ఉందట, పరీక్షల ముందు దాని మూత తెరుచుకున్న చప్పుడు కింద గదుల్లోకి వినిపిస్తుందట. ఎవరికీ అర్థం కాని భాషలో పేర్లు పెట్టి పిలుస్తుందట. పలికిన పిల్ల ఆ ఏడు చదువు పూర్తి చెయ్యదట.

"ఆమె మన కొంటా దిక్కు పిల్లేనంట. మన భాషే మాట్లాడతదంట. నేను నీతో ఫోన్ల మాట్లాడుతుంటే గోడ అవతల పిల్లలు ఇని భయపడి ఏడ్శిన్రు. ఆమె ముందు నన్నే పిలుస్తదని నా పక్కన ఎవరూ పండుకోరు. అన్నం కాడ కూడ లేచిపోతరు."

 ఆ పిల్ల పేరేందని దేవే అడిగింది.

"పేరెవరికీ తెల్వదు. కొంటావాలీ, కొంటా ఆమె, అంటరు, గంతే."

"పెట్టె ఏ రంగుదంట?"

"నీలం. మూత మీద తెల్లపూలు ఉంటయంట."

 దేవేకి నవ్వు రావలసిన మాటే, రాలేదు. మేనకోడలి చెయ్యి పట్టుకుని, "అది నా పెట్టె బిడ్డా. ఆ గదిల ఉన్నది నేనే. నేను సావలేదు" అంది.

సుమిత్ర ఆమె ముఖంలోకి చూసింది. చూస్తూనే, తనకు తెలియకుండానే, చెయ్యి వెనక్కి తీసుకుని కొంచెం అవతలికి జరిగింది. ఒక్క క్షణమే. వెంటనే సిగ్గుపడి దగ్గరికి వచ్చి ఒళ్లో తల పెట్టుకుంది. కానీ ఆ ఒక్క జానెడు జరగడం దేవే చూసేసింది.

సెలవులు అయిన మరునాడు ఇద్దరూ జగదల్‌పూర్ బస్సెక్కారు. సుక్మా దాటి, దర్భా ఘాటీ మలుపులు ఎక్కుతుంటే సుమిత్ర అత్త భుజం మీద నిద్రపోయింది. దేవేకి మాత్రం కన్ను మూతపడలేదు. హిందీలో ఏం చెప్పాలో ఆ పొద్దుటి నుంచి మనసులో పేర్చుకుంటూనే ఉంది. సంతలోనూ ఆసుపత్రిలోనూ మాట్లాడే హిందీ వేరు, కాలేజీ పిల్లల ముందు నిలబడి మాట్లాడే హిందీ వేరు. అయినా చెప్పాల్సింది ఎంత, బతికే ఉన్నానని చెప్పాలి. దాన్ని కాదనేదెవరు అనుకుంది.

హాస్టల్ వార్డెన్ ఊర్మిల ముప్ఫై ఏళ్లయినా నిండని మనిషి, కాంట్రాక్టు ఉద్యోగం. దేవే చెప్పిందంతా అడ్డురాకుండా వింది, టీ తెప్పించింది. మీ మాట నేను నమ్ముతున్నాను దీదీ అంది. దయ్యాలు లేవని ప్రతి నెలా మీటింగులో చెబుతూనే ఉన్నాననీ, చెప్పిన కొద్దీ మేడమ్ ఏదో దాస్తోందని పిల్లలు అనుకుంటున్నారనీ వాపోయింది. ఆ గది తెరిపించమని పైకి ఎన్నోసార్లు చెప్పిందట. కొత్త భవనం వస్తోంది, పాతదాన్ని కదిలించొద్దని జవాబట. కొత్త భవనం ఆమె చేరకముందు నుంచీ వస్తూనే ఉంది.

"నేను నమ్మితే సరిపోదు. మీరే చెప్పండి, వాళ్లు చూస్తారు" అని, పై అనుమతి లేకుండానే చౌకీదారును పిలిచి తాళం పగలగొట్టించింది.

పట్టపగలు. వరండా నిండా అమ్మాయిలు. తలుపు తోసేసరికి లోపలి నుంచి పావురాలు లేచి కిటికీ సందుల్లోంచి బయటపడ్డాయి. విరిగిన మంచాలు, తుప్పు పట్టిన ఫ్యాన్లు, వాన నీళ్లు కారి నల్లబడ్డ గోడ. దేవే నేరుగా కిటికీ పక్కకు వెళ్లి వంగి చూసింది. పెట్టె లేదు. ఎప్పుడో ఎవరో పాత సామానులో వేసేసి ఉంటారు. అది ఉంటే లోపలున్నవి ఒక్కొక్కటీ చూడకుండానే చెప్పి తీసి చూపించాలని ఆమె దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. వెనక ఎవరో, మరి పెట్టె లేకపోతే మూత చప్పుడు ఎక్కడిదే అని గుసగుసలాడారు.

దేవే గది మధ్యలో నిలబడి చెప్పింది. నేను చావలేదు, అమ్మకు బాగాలేకపోతే ఇంటికి వెళ్లాను, దారులు మూసుకుపోయాయి, తిరిగి రాలేకపోయాను అని. ఇంత పెద్ద సంగతి నాలుగు మాటల్లో అయిపోయిందేమిటని ఆమెకే అనిపించింది. కళ్లద్దాల పిల్ల ఒకతె మర్యాదగా చెయ్యెత్తి, మరి ఆ అబ్బాయి, అని అడిగింది. అబ్బాయి ఎవరూ లేడని దేవే చెప్పింది. ఆ పిల్ల ముఖం కొంచెం వాడింది. ఆ క్షణాన దేవేకి చిత్రమైన బాధ కలిగింది. ప్రేమ కోసం ప్రాణం తీసుకున్న కొంటావాలీ మీద వీళ్లకు ఎంతో జాలి ఉంది. మిరపకాయలు కోసుకుని బతికిన దేవే మీద ఏ భావమూ లేదు.

అయినా గాలి తేలికపడింది. గీదం నుంచి వచ్చిన పిల్ల ఒకతె ముందుకొచ్చి దేవే చెయ్యి పట్టుకుని చూసి, వెచ్చగానే ఉందర్రా అంది. అందరూ నవ్వారు. సుమిత్ర కూడా నవ్వింది. దీపావళి నుంచి ఆ పిల్ల నవ్వడం దేవే చూడటం అదే మొదలు.

మెట్ల మీద కర్ర చప్పుడైంది అప్పుడే. చౌకీదారు తల్లి సుశీల పైకొస్తోంది. ఒకప్పుడు ఈ హాస్టల్‌లో వంట ఆమెదే. ఇప్పుడు కళ్లు మసకబారి, వంటింటి వెనక కొడుకు క్వార్టర్‌లో ఉంటోంది. ఆమెను చూడగానే దేవేకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇక్కడ తనను ఎరిగిన మనిషి ఒకరున్నారు, ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అనుకుని ఎదురెళ్లి రెండు చేతులూ పట్టుకుంది. నేను దేవేని అమ్మా, నా కోసం అడుగు మాడిన అన్నం గిన్నెలో దాచి పెట్టేదానివి, గుర్తుందా అని అడిగింది.

సుశీల ముఖం దగ్గరగా తెచ్చి చూసింది. ఒక చెయ్యి విడిపించుకుని వేళ్లతో దేవే గడ్డం తడిమింది. అక్కడ చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు చుక్కలు మూడు ఉన్నాయి. వేళ్లు వాటి మీద ఆగాయి.  ముసలామె మెల్లగా రెండో చెయ్యీ విడిపించుకుని, వెనక్కి జరిగి, రెండు చేతులూ జోడించింది.

"వచ్చావా తల్లీ" అంది హల్బీలో. వరండాలో ఉన్న ప్రతి పిల్లకూ అర్థమైంది. "ప్రతి దసరాకూ నీ పేరున మెట్ల కింద అన్నం పెడుతూనే ఉన్నాను కదా. ఏం తక్కువ చేశాను? ఈ పిల్లల జోలికి మాత్రం రావద్దు."

 నేను బతికే ఉన్నాను, నన్ను ముట్టుకున్నావు కదా అని దేవే గబగబా చెప్పింది. తొందరలో సగం తెలుగు దొర్లింది.

సుశీల జాలిగా తలూపింది. "అలాగే అనిపిస్తుంది తల్లీ. పోయినవాళ్లకు పోయామని తెలియదు."

గీదం పిల్ల తన అరచేతిని చున్నీకి తుడుచుకుంటూ వెనక్కి తగ్గింది. ఎవరూ అరవలేదు, ఎవరూ పరుగెత్తలేదు. ఒకరి వెనక ఒకరు నిశ్శబ్దంగా మెట్లు దిగి వెళ్లిపోయారు. ఊర్మిల వాళ్ల వెనకాలే పేర్లు పిలుస్తూ దిగింది. వరండాలో దేవే, సుమిత్ర మిగిలారు.

తిరుగు బస్సుకు ముందు దేవే క్వార్టర్ గుమ్మం దాకా వెళ్లింది. సుశీల ఆమెను లోపలికి రానివ్వలేదు, పొమ్మనీ అనలేదు. గడపకు అటువైపు కూర్చుని, ఎదుట ఉన్నది ఆత్మేనన్న నమ్మకంతోనే ఓదార్పుగా మాట్లాడింది. నీ కోసం రీనా ఎంత ఏడ్చిందో నీకు తెలియాలి తల్లీ అంది. రీనా పండగ నుంచి తిరిగొచ్చి తాళం చూసిందట, ఒంటరిగా ఉండలేక తన సామాను తీసుకుని వేరే గదికి మారిందట. రోజూ కాలేజీ కాగానే గేటు దగ్గర నిలబడేదట. కొంటా వైపు నుంచి వచ్చే కబుర్లన్నీ తగలబడ్డ ఊళ్ల గురించే, శవాల గురించే. ఆఖరికి ఒక రోజు, అది ఇక రాదు, పోయింది అని కుప్పకూలి ఏడ్చిందట. సుశీల దీపం పెట్టింది, అన్నం పెట్టింది. ఎక్కడ చనిపోయిందని కొత్త పిల్లలు అడిగితే చెప్పడానికి చోటు లేకపోయింది. గదికి తాళం ఉంది, లోపల పెట్టె ఉంది. చోటు అదే అయింది. ఆ తర్వాత వచ్చినవాళ్లు కథలోకి తాడు తెచ్చారు, అబ్బాయిని తెచ్చారు.

రీనా ఇప్పుడెక్కడ ఉందని దేవే అడిగింది. పెళ్లయి రాయ్‌పూర్ వైపు వెళ్లిందనీ, ఇంటిపేరు మారిందనీ, అంతకుమించి తెలియదనీ సుశీల చెప్పింది. తనను అంతగా ఏడ్చి సాగనంపిన మనిషికి బతికున్నానన్న కబురు పంపే దారి కూడా లేదు. దేవే గుమ్మం బయట నిలబడే, వెళ్లొస్తానమ్మా అంది. సుశీల కంగారుగా, రావద్దు తల్లీ, హాయిగా పో, అంది.

సుమిత్రను అక్కడే వదిలి రావడం తప్పా ఒప్పా అన్నది దేవేకి తేలలేదు. ధైర్యం చెప్పింది, పరీక్షల దాకా ఓర్చుకోమంది, ఊర్మిల చేతిలో చెయ్యి పెట్టి అప్పగించింది. ఊర్మిల తన గదిలోనే పడుకోబెట్టుకుంటానని మాటిచ్చింది, అలాగే చేసింది కూడా. కానీ పగలు పిల్లల మధ్యకు వెళ్లక తప్పదు కదా. కొంటావాలీ పట్టపగలే వచ్చిందనీ, తలలో తెల్లవెంట్రుకలు కూడా ఉన్నాయనీ, చనిపోయినవాళ్లకూ వయసు పెరుగుతుందనీ చెప్పుకోసాగారు. తన పెట్టె కోసం వెతుక్కుందన్నారు. ఆమెను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది సుమిత్రే అన్నారు. క్లాసులో సుమిత్ర కూర్చున్న బెంచీ ఖాళీ అయిపోయింది. గీదం పిల్లకు జ్వరమొచ్చింది. వాళ్ల నాన్న వచ్చి, ఆ పిల్ల ఉంటే మా పిల్లను తీసుకుపోతానని ఆఫీసులో గొడవ చేశాడు.

చలి ముదరకముందే సుమిత్ర సంచితో సహా ఇంటికి వచ్చేసింది. కోసి ఏమీ అనకుండా కాళ్లకు నీళ్లిచ్చింది. దేవే చాలా మాటలు చెప్పి చూసింది. వేరే గది తీసుకుందామంది, వేరే ఊళ్లో చేరుద్దామంది, వచ్చే ఏడైనా అని అడిగింది. సుమిత్ర అన్నిటికీ తలూపింది. దేవే ఆపేశాక ఒక్క మాట అంది.

"నువ్వు రాకుంటే బాగుండు అత్తా."

కోపంగా అనలేదు.  దేవే వెళ్లకపోతే పిల్ల తన భయంతో తనే ఏదోలా నెట్టుకొచ్చేదేమో. వెళ్లకుండా ఎలా ఉంటుంది? ఈ రెండు మాటలూ ఆమె మనసులో పక్కపక్కనే ఉండిపోయాయి, ఒకటి రెండోదాన్ని కొట్టెయ్యలేదు.

మాఘంలో సుమిత్ర గీదంలో ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరింది. అక్కడికి వచ్చేవాళ్లలో తెలుగువాళ్లు కూడా ఉంటారు, కిరండుల్ గనుల ఉద్యోగుల ఇళ్లవాళ్లు. వాళ్లకు చీరలు విప్పి చూపిస్తూ తెలుగు మాట్లాడటం సుమిత్రకు కష్టమనిపించలేదు. యజమాని మంచివాడని ఇంటికొచ్చినప్పుడు చెప్పింది. ఒళ్లు చేసింది. చదువు మాట ఆమె ఎత్తలేదు, ఇంట్లోనూ ఎవరూ ఎత్తలేదు.

వానలు మొదలయ్యే ముందు సుక్మాలో మితానిన్లకు శిక్షణ పెట్టారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర, పాఠం చెప్పడానికి వచ్చిన చిన్న నర్సు ఆడవాళ్లతో కలిసి నేల మీదే కూర్చుంది. కలుపుగోలు పిల్ల. మాటల మీద మాట వచ్చి, నేను జగదల్‌పూర్‌లో ఒక దయ్యాల హాస్టల్‌లో ఉండి చదివాను తెలుసా అంది. అందరూ ఆమె వైపు జరిగారు. దేవే పళ్లెంలో అన్నం కలుపుతూ వింది. అబ్బాయి, దూలం, రథం, అన్నీ వచ్చాయి. కథ చివర మాత్రం కొత్తగా ఉంది. ఈ నర్సు చదువు ముగించి వచ్చేశాక, కొంటావాలీ తన ఊరి పిల్లనొకదాన్ని వెతుక్కుంటూ వచ్చిందట, పట్టపగలు అందరి ఎదుటా గదిలోకి తీసుకెళ్లిందట. ఆ పిల్ల తర్వాత ఎక్కువ రోజులు బతకలేదట.

దేవే చెయ్యి ఆగిపోయింది. "ఆ పిల్ల గీదంలో బట్టల దుకాణంలో పని చేస్తోంది" అంది హిందీలో. "దాని పేరు సుమిత్ర. నా తమ్ముడి కూతురు."

నర్సు ఆమె వైపు నెమ్మదిగా చూసింది. పెద్దామె మనసు నొప్పించకూడదన్నట్టు గొంతు తగ్గించి, మీరు వేరే ఎవరినో అనుకుంటున్నారు దీదీ అంది. ఆ పిల్ల పక్క గదిలో ఉన్నవాళ్లు నాకు బాగా తెలుసు, అంత్యక్రియలకు కూడా వెళ్లొచ్చారట అంది.

పక్కనున్న ఆడవాళ్లు అయ్యో పాపం అన్నారు. ఎవరో ఆ పిల్ల తల్లి ఏమైందని అడిగారు. నర్సు చెప్పడం మొదలుపెట్టింది. దేవే కాసేపు విని, పళ్లెం తీసుకుని లేచి కుళాయి దగ్గరికి వెళ్లింది. అక్కడ అప్పటికే వరస ఉంది. ఆమె వెళ్లి చివర నిలబడింది.